వ్యాపారం పేజీలో మన గెలల ధర

(జంగారెడ్డిగూడెంలో 2025 డిసెంబరులో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇంటికి పేపరు వస్తే ముందు జిల్లా పేజీ తిప్పుతాం. ఎవరు పోయారు, ఎక్కడ యాక్సిడెంటు అయింది, మంత్రి గారు ఎక్కడ కొబ్బరికాయ కొట్టారు, అన్నీ చూస్తాం. తర్వాత రాష్ట్ర వార్తలు. ఆటల పేజీ పిల్లలు లాక్కుపోతారు. చివరికి వ్యాపారం పేజీ మిగులుతుంది. షేర్లు, డాలర్లు, సూటు వేసుకున్న పెద్దమనుషుల ఫొటోలు. అది మనది కాదు అనుకుని పక్కన పెడతాం. మిరపకాయ బజ్జీల కిందకి ముందు పోయేది ఆ పేజీయే.

మన మెట్ట ప్రాంతంలో ఇప్పుడు జిల్లా పేజీ కంటే ఆ పేజీయే మనకి ఎక్కువ అవసరం అండి. ఈ రోజు మనం మాట్లాడుకోవలసింది అదే.

ఈ ఏడాది మే 30న కేంద్ర ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ముడి పామాయిల్, ముడి సోయా, ముడి పొద్దుతిరుగుడు నూనెల మీద బేసిక్ దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది. సెస్సులు కలుపుకుంటే 27.5 శాతం ఉన్నది 16.5 శాతం అయింది. పేపర్లో మూడు అంగుళాల వార్త. ‘వంట నూనెల ధరలు దిగిరానున్నాయి’ అని హెడ్డింగు. కామవరపుకోటలో గానీ, టి.నరసాపురంలో గానీ, చింతలపూడిలో గానీ తోట ఉన్న రైతు ఎంతమంది దాన్ని తన గెలల ధర గురించిన వార్తగా చదివాడు?

లెక్క వేసుకుందాం. పెద్ద చదువు అక్కర్లేదు, కాటా చీటీ వెనక వేసుకునే లెక్కే. ముడి పామాయిల్ టన్ను మన రేవుకి వచ్చేసరికి ఉజ్జాయింపున 90 వేల రూపాయలు అనుకుందాం. దాని మీద సుంకం 11 శాతం తగ్గితే 9,900 రూపాయలు. అంటే బయటి నుంచి వచ్చే నూనె టన్నుకి పది వేలు చవక అయింది. మన ఫ్యాక్టరీ తీసే నూనె కూడా ఆ ధరతోనే పోటీ పడాలి కదా, దాని ధరా అంత దిగుతుంది. టన్ను గెలల్లో నూనె 19 శాతం వస్తుందనుకుంటే 190 కిలోలు. దాని మీద తగ్గేది 1,880 రూపాయలు. అందులో రైతు వాటా ఇంచుమించు మూడు వంతులు. అంటే టన్ను గెలల మీద మన జేబులోంచి 1,400 రూపాయలు పోతాయి. ఎకరానికి ఎనిమిది టన్నులు దిగే తోట అయితే ఏడాదికి 11 వేల పైచిలుకు. అయిదెకరాల రైతుకి 56 వేలు. ఒక ఆడపిల్ల ఇంజనీరింగు కాలేజీ ఫీజు అండి ఇది. ఢిల్లీలో ఒక సంతకం, ఇక్కడ ఒక ఫీజు.

మలేసియా మార్కెట్ పెరిగితే ఈ దెబ్బ కొంత కనపడదు, అక్కడ తగ్గితే రెండు దెబ్బలూ కలిసి పడతాయి. అందుకే నెల నెలా ఉద్యాన శాఖ ప్రకటించే గెలల ధర చూసి, ‘అబ్బే, అంతేం తగ్గలేదే’ అని కొందరు అంటున్నారు. తగ్గకపోతే ఎంత ఉండేదో ఎవరూ ప్రకటించరు కదా!

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. సుంకం ఎప్పుడు తగ్గించారు, ఎప్పుడు పెంచారు అన్న వరస చూడాలి.

2018లో ముడి పామాయిల్ మీద సుంకం 44 శాతం ఉండేది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా దించుకుంటూ వచ్చారు. 2021 ఆగస్టు 18న కేంద్ర మంత్రివర్గం ఆయిల్ పామ్ జాతీయ మిషన్ ఆమోదించింది. 11,040 కోట్లు. దేశంలో పది లక్షల హెక్టార్లలో ఆయిల్ పామ్ వేయిస్తాం, విదేశీ నూనె మీద ఆధారపడటం తగ్గిస్తాం అన్నారు. మంచిదే, చప్పట్లు కొట్టాం. సరిగ్గా రెండు నెలలకి, అదే అక్టోబరులో, ముడి పామాయిల్ మీద బేసిక్ సుంకం సున్నా చేశారు. సెస్సులతో కలిపి 8.25 శాతం. 2022 ఫిబ్రవరిలో అది 5.5 అయింది. ఒక చేత్తో మొక్క ఇచ్చారు, రెండో చేత్తో కంచె తీసేశారు.

అప్పుడు మనకి తెలియలేదు. ఎందుకంటే ప్రపంచంలో ధరలు మండిపోతున్నాయి. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగింది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతి మొత్తం ఆపేసింది. ఆ వేసవిలో టన్ను గెలలు 23 వేలు దాటాయి. గుర్తుందా? పొగాకు తీసేసి, జీడిమామిడి నరికేసి పామాయిల్ మొక్కలు పెట్టింది ఆ రోజుల్లోనే. నర్సరీల దగ్గర క్యూ కట్టాం. మే 23కి ఇండోనేసియా నిషేధం ఎత్తేసింది. ధర పల్టీ కొట్టింది. 2023 చివరికి టన్ను 13 వేల లోపుకి వచ్చింది. దాదాపు సగం.

మరి అప్పుడు సుంకం పెంచారా? ధర పెరిగినప్పుడు వినియోగదారుడి కోసం అని తగ్గించిన సుంకం, ధర పడిపోయాక రైతు కోసం అని మళ్లీ వేయాలి కదా. వేయలేదండి. 2022 మధ్యలో ధర పడితే, 2024 సెప్టెంబరు 14 దాకా అదే 5.5 శాతం నడిచింది. రెండేళ్ల పైన. అప్పుడు పెంచి 27.5 చేశారు. 14 వేల చిల్లరగా ఉన్న టన్ను గెలలు నెలల్లోనే 20 వేలు దాటాయి. ఊపిరి పీల్చుకున్నాం. తొమ్మిది నెలలు కూడా నిండకుండానే మే 30న మళ్లీ కోశారు.

తగ్గించడానికి ఒక రాత్రి, పెంచడానికి రెండేళ్లు. మనం అడిగేదంతా ఈ ఒక్క విషయం మీదే. సుంకం ఎక్కువ ఉండాలా తక్కువ ఉండాలా అని టీవీలో వాదించుకుంటారు. మన చెట్టు పెట్టిన మూడు నాలుగేళ్లకి కాపుకొస్తుంది, పాతికేళ్ల పైన నిలబడుతుంది. వరి అయితే ధర లేకపోతే వచ్చే పంటకి అపరాలు వేస్తాం. పామాయిల్ తోటకి ఆ వీలు లేదు. పెట్టినవాడు దానికి కట్టుబడ్డాడు. పాతికేళ్లు నిలబడే చెట్టు మీద తొమ్మిది నెలలకోసారి మారే పాలసీ ఏమిటండి?

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. మన రాష్ట్రంలో 1993 ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ప్రాంతాలు విడగొట్టి ఫ్యాక్టరీలకి కేటాయించారు. మన గెలలు మన జోన్ ఫ్యాక్టరీకే ఇవ్వాలి. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకి చేరకపోతే నూనె చెడిపోతుంది, కాబట్టి దాచుకుని అమ్ముకునే వీలూ లేదు. ఇక్కడే మన ఊళ్లో రెండు పొగాకు వేలం కేంద్రాలున్నాయి. అక్కడ ఎన్ని బాధలున్నా, బేలు ముందర నిలబడి ఏ కంపెనీ ఎంత పాడిందో కళ్లతో చూడొచ్చు. రేటు నచ్చకపోతే బేలు వెనక్కి తెచ్చుకోవచ్చు. పామాయిల్ రైతుకి ఆ పాట కూడా లేదు. 22 పంటల మద్దతు ధర జాబితాలోనూ మన పంట లేదు. కొనేవాడిని ఎంచుకోలేం, అమ్మే రోజు ఎంచుకోలేం, మద్దతు ధర లేదు. ఇక మనకున్నదల్లా ఆ సుంకం ఒక్కటే.

సుంకం తగ్గిస్తే పేదవాడికి నూనె చవకగా దొరుకుతుంది కదా అని మనల్ని అడుగుతారు. ఈ ప్రశ్నని మనం దాటవేయకూడదు. మన తోటలో గెల కోసే మనిషి, మట్టలు లాగే మనిషి, రాలిన పళ్లు ఏరే అక్కచెల్లెళ్లు కొనుక్కునేది పామోలిన్ ప్యాకెట్టే. ఆ మాటకొస్తే పామాయిల్ పండించే మనమూ ఆ ప్యాకెట్టే కొంటాం. కాబట్టి ప్యాకెట్ ధర ఎలా కదిలిందో చూద్దాం.

2024 సెప్టెంబరులో సుంకం పెంచినప్పుడు కేంద్ర ఆహార శాఖ స్వయంగా ఒక ప్రకటన చేసింది. తక్కువ సుంకంతో తెచ్చిన నూనె దేశంలో 30 లక్షల టన్నులు నిల్వ ఉంది, 45 నుంచి 50 రోజులకి సరిపోతుంది, అది అయ్యేదాకా ధర పెంచొద్దు అని కంపెనీలకి చెప్పింది. కంపెనీలు విన్నాయా? దసరా పిండివంటల నాటికే ప్యాకెట్ మీద ఎంత పెరిగిందో మన ఆడవాళ్లని అడగండి, వాళ్లకి పైసలతో సహా గుర్తు. పాత సుంకం సరుకు కొత్త సుంకం ధరకి అమ్ముకున్నారు. ఆ తేడా రైతుకి రాలేదు, ఖజానాకి రాలేదు.

మళ్లీ ఈ ఏడాది మేలో తగ్గించారు. జూన్‌లో అదే ఆహార శాఖ మళ్లీ కంపెనీలని పిలిచి, తగ్గిన సుంకం లాభం వినియోగదారుడికి ఇవ్వండి అని సలహా ఇచ్చింది. గమనించండి, సలహా. మన గెలల ధర తగ్గడానికి సలహా అక్కర్లేదు, అది ఫార్ములా. నెల తిరిగేసరికి లెక్క కట్టి తగ్గించేస్తారు. ప్యాకెట్ ధర తగ్గడానికి మాత్రం బతిమాలాలి. పెరిగేటప్పుడు నూనె ధర పరిగెడుతుంది, తగ్గేటప్పుడు కుంటుతుంది. కూలివాడికీ రైతుకీ మధ్య తగువు పెట్టి మధ్యలో ఎవరు తింటున్నారో ఈ రెండు వార్తలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. వేరే పరిశోధన అక్కర్లేదు.

మే నోటిఫికేషన్‌లో ఇంకొక ముక్క ఉంది. ముడి నూనె మీద తగ్గించారు గానీ రిఫైన్డ్ నూనె మీద 35.75 శాతం అలాగే ఉంచారు. రెండింటి మధ్య తేడా 8.25 నుంచి 19.25 అయింది. ఎందుకంటే, బయట రిఫైన్ చేసిన నూనె వచ్చి పడితే మన రిఫైనరీలు మూతపడతాయి, వాటిని కాపాడాలి అన్నారు. కాపాడండి, అక్కడా మన పిల్లలే పని చేస్తారు. కానీ యంత్రానికి 19.25 శాతం గోడ కట్టాలని తెలిసిన ప్రభుత్వానికి, చెట్టుకి కూడా ఒక కంచె కావాలని తెలియదా?

ఇది అంతర్జాతీయ ఒప్పందాల వల్ల, మన చేతుల్లో లేదు అని కొందరు పెద్దలు చెబుతారు. అది నిజం కాదు. డబ్ల్యూటీవోలో సోయా నూనె మీద 45 శాతం దాటి సుంకం వేయలేం గానీ, పామాయిల్ మీద మన దేశం రాయించుకున్న గరిష్ఠ పరిమితి 300 శాతం. 300 వేయమని మనం అడగటం లేదు. అలా వేస్తే కూలివాడు నూనె ముఖం చూడడు. చేతులు కట్టేసి లేవు అని మాత్రం చెబుతున్నాం. 1994లో పామోలిన్ దిగుమతికి గేట్లు తీసినప్పుడు సుంకం 65 శాతం. నాలుగేళ్లలో 15 శాతానికి దించేశారు. అంతకుముందు, 1986లో పెట్టిన నూనెగింజల మిషన్ వల్ల దేశం తన నూనె తనే దాదాపు పండించుకునే దశకి వచ్చింది. ఈరోజు ఏడాదికి 160 లక్షల టన్నులు బయట నుంచి తెచ్చుకుంటున్నాం. ఆ దిగుమతి దానంతట అది పెరగలేదు.

మరి మార్గం లేదా? ఉంది, మనం కనిపెట్టింది కూడా కాదు. 2012లో కేంద్రం వారి వ్యవసాయ ధరల కమిషనే ఆయిల్ పామ్ మీద నివేదిక ఇచ్చింది. విదేశీ ముడి పామాయిల్ ధర టన్నుకి 800 డాలర్ల కిందకి పడితే దానంతట అది సుంకం పడే ఏర్పాటు ఉండాలని చెప్పింది. పదమూడేళ్లయింది. 800 అన్నది ఆనాటి అంకె, ఈనాటి ఎరువులు, కూలి చూసి మార్చుకోవాలి. కానీ పద్ధతి అదే. ఒక గీత గీయండి. ధర గీత కిందకి వస్తే సుంకం పెరగాలి, పైకి పోతే తగ్గాలి. ఇద్దరికీ ముందే తెలియాలి. ఆర్థిక శాఖలో ఎవరి మూడ్ ఎలా ఉందో అన్నదాని మీద మన తోట నడవకూడదు.

2021 మిషన్‌లోనే ‘వయబిలిటీ ప్రైస్’ అని ఒకటి పెట్టారు. గిట్టుబాటు ధర అనుకోండి. అయిదేళ్ల ముడి నూనె సగటు ధర తీసుకుని, టోకు ధరల సూచీతో సరిచేసి, అందులో 14.3 శాతం టన్ను గెలల ధరగా కట్టాలి. ఫ్యాక్టరీ ఇచ్చేది అంతకంటే తగ్గితే ఆ తేడా రైతు ఖాతాలో నేరుగా వేయాలి. కాగితం మీద చక్కగా ఉంది. ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఆ పేరు మీద ఖాతాలో సొమ్ము పడినవాళ్లు చేతులెత్తండి. (సభలో చేతులు లేవలేదు.) ఆ 13 వేల రోజుల్లో మన రాష్ట్రానికి ఆ లెక్క ఎలా కట్టారో రాతపూర్వకంగా అడుగుదాం.

నూనె శాతం గొడవ మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. జీలుగుమిల్లి దాటి అశ్వారావుపేట వైపు పోతే అవే మొక్కలు, అదే నేల, అదే వాన. అక్కడ నూనె ఎక్కువ, ఇక్కడ తక్కువ అన్నారు ఏళ్ల తరబడి. పోరాడాం. 2019లో తెలంగాణతో సమానంగా ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం తేడా సొమ్ము భరించింది. మరి సుంకం విషయంలో పోరాడలేమా? ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ పెదవేగిలో మన గుమ్మం ముందే ఉంది. ఎకరం సాగు ఖర్చు లెక్క వాళ్లతో కలిసి కూర్చుని తేల్చుకోవచ్చు.

ఈ కథ పామాయిల్‌ది మాత్రమే కాదు. తోటలో అంతరపంటగా వేసిన కోకో చూడండి. 2024 వేసవిలో కిలో గింజలు వెయ్యి రూపాయలు దాటాయి. ఆఫ్రికాలో పంట పోయింది కాబట్టి. ఈ ఏడాది రోడ్డెక్కితే గానీ 500 దక్కలేదు, అందులో కంపెనీలది 450, ప్రభుత్వానిది 50. పత్తి రైతులని చూడండి. మొక్క పూత మీద ఉండగా, ఆగస్టు 19న, దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించారు. పత్తి తీసి అమ్ముకునే నెలలన్నీ అందులోనే పోయాయి. విత్తనం వేసేటప్పుడు ఈ మాట చెప్పారా? కింద డెల్టాలో భీమవరం రొయ్యల రైతుల మీద ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం పడింది. అక్కడ ట్రంపు తన దేశం కోసం అంటూ సుంకం వేస్తే ఇక్కడ చెరువు గట్టు మీద కౌంటు రేటు తగ్గింది. సుంకం వేసినా రైతుకే, తీసినా రైతుకే.

డాలరు సంగతి కూడా ఒక్క మాట. ఈ నెల మొదట్లో డాలరు 90 రూపాయలు దాటింది. దానివల్ల దిగుమతి నూనె ఖరీదవుతుంది, గెలల ధరకి కొంత ఆసరా. సంతోషించేలోపు పొటాష్ గుర్తొస్తుంది. పామాయిల్ తోట పొటాష్ తిన్నట్టు ఇంకే పంటా తినదు, మన దేశం పొటాష్ అంతా బయటనుంచే తెస్తుంది. 2021 మొదట్లో వెయ్యి రూపాయల దగ్గర ఉన్న బస్తా 2022లో 1,700 అయింది. ఒక జేబులో వేసి రెండో జేబులోంచి తీయడం అంటే ఇదే.

కూలివాడి ప్యాకెట్ గురించి మన సంఘం చెప్పేది ఒకటుంది. 2013లో ఉగాదికి ‘అమ్మహస్తం’ అని రేషన్ షాపుల్లో 185 రూపాయలకి తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో లీటరు పామోలిన్ ఉంది. అది విదేశీ నూనె. ఇప్పుడు దేశంలో పామాయిల్ పండించడంలో మన రాష్ట్రమే మొదటిది. ఆంధ్ర, తెలంగాణ, కేరళ కలిపితే 98 శాతం. మన మిల్లుల నూనె ప్రభుత్వం కొని, సుంకంలో వచ్చే సొమ్ముతో సబ్సిడీ ఇచ్చి, రేషన్ కార్డు మీద ఎందుకు ఇవ్వకూడదు? దిగుమతి సుంకంలో ‘వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు’ అని 5 శాతం మన పేరు మీదే వసూలు చేస్తున్నారు. మన పేరు మీద వసూలైంది మనకోసం ఖర్చు పెట్టమనడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. ఇలా చేస్తే గెల ధర నిలబడుతుంది, కూలి ఇంట్లో పోపు ఆగదు.

ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్. దానికి ముందే మన అర్జీ ఎంపీ గారి ద్వారా ఆర్థిక శాఖకి, వ్యవసాయ శాఖకి చేరాలి. ఊరికే ‘న్యాయం చేయండి’ అని రాస్తే బుట్టలో వేస్తారు. అంకెలు కావాలి. అందుకని ప్రతి గ్రామ కమిటీ తమ ఊరి రైతుల దగ్గర 2022 మే నుంచి ఇప్పటిదాకా ఉన్న గెలల కాటా చీటీలు, ఫ్యాక్టరీ చెల్లింపు చీటీలు ఫొటో తీసి పెట్టాలి. పోయినవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ఎరువుల బిల్లులు ఉంటే అవి కూడా. కోత కూలి టన్నుకి ఏ ఏడాది ఎంత ఇచ్చారో ఒక కాగితం మీద రాయండి, తగ్గించి రాయొద్దు, పెంచి రాయొద్దు. కౌలుదారుల చీటీలు భూయజమాని పేరు మీదే ఉంటాయి కాబట్టి వెనక మీ పేరు, ఎన్ని ఎకరాలు, కౌలు ఎంత అన్నది రాసి ఇవ్వండి. బుట్టాయగూడెం, పోలవరం ఏజెన్సీ గ్రామాల నుంచి తేలేనివాళ్ల దగ్గరికి మన కార్యకర్తలే వస్తారు. జనవరి 10వ తేదీ లోపు అన్నీ సంఘం ఆఫీసుకి చేరాలి. 11న లెక్కలు వేయడానికి కూర్చుంటాం, ఇంటర్ చదివే పిల్లలుంటే వెంట తీసుకురండి, కాలిక్యులేటర్ పని వాళ్లది.